రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తుంది? బూట్ లోపాల వెనుక అసలు సంగతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని, ప్రాసెసర్ పాతబడిన లాప్‌టాప్‌లకు విండోస్ 11 అధికారికంగా రాదు కనుక, బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పక్కన పడేయడం ఇష్టం లేనివారు చాలామంది అందులోనే లినక్స్ రకాలైన ఉబుంటునో, లినక్స్ మింట్‌నో అదనంగా ఎక్కించుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఈ అలవాటుకు అంతకుముందు నుంచే మరో కారణం ఉంది. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో క్లౌడ్, డెవాప్స్ వంటి కోర్సులు నేర్చుకునేవారికి లినక్స్ తప్పనిసరి. కళాశాల ప్రాజెక్టు నివేదికలకో, ఆటలకో, ట్యాలీకో అదే లాప్‌టాప్‌లో విండోస్ కూడా ఉండాలి. రెండూ నెలల తరబడి సజావుగా నడుస్తాయి. తర్వాత ఒక రోజు మీట నొక్కితే నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం, దాని కింద మిణుకుమనే కర్సర్ తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇటువంటి సందర్భంలో సర్వసాధారణంగా వినిపించే సలహా ‘ఫార్మాట్ కొట్టించండి’ అనేది. దానితో కంప్యూటర్ తిరిగి లేస్తుందన్నది నిజమే కానీ, చాలా సందర్భాల్లో అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు పెద్ద చికిత్స అది. బూట్ లోపాల్లో, అంటే కంప్యూటర్ మొదలయ్యే క్రమంలో వచ్చే లోపాల్లో, అధిక భాగం చెడిపోయేది కొద్ది ఎంబీల ఫైళ్లో, కొన్ని అక్షరాల చిరునామానో మాత్రమే; ఫొటోలు, నివేదికలు, ప్రోగ్రాములు ఉన్న భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏది చెడిందో తెలుసుకోవడానికి ఆధారం కూడా తెర మీది ఆ వాక్యమే. అది ఏ దశలో ప్రత్యక్షమైందన్నదాన్ని బట్టి, అంతవరకూ ఏమేమి సరిగా నడిచాయో రూఢిగా చెప్పవచ్చు.

మీట నొక్కిన తర్వాత బాధ్యత ఎన్ని చేతులు మారుతుంది

కంప్యూటర్‌కు విద్యుత్తు అందగానే మొదట నడిచేది విండోసూ కాదు, లినక్సూ కాదు. మదర్‌బోర్డు మీది చిప్‌లో నిక్షిప్తమై ఉండే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము ముందుగా మేల్కొని, మెమరీని, కీబోర్డును, డిస్కును గుర్తిస్తుంది. తర్వాత అది డిస్కులో బూట్ లోడర్ అనే మరో ప్రోగ్రామును వెతికి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. విండోస్‌కు బూట్ మేనేజర్ అనే సొంత లోడర్ ఉంది. లినక్స్ పంపిణీల్లో, అంటే ఉబుంటు వంటి రకాల్లో, ఎక్కువ భాగం గ్రబ్ అనేదాన్ని వాడతాయి. రెండు సిస్టమ్‌లున్న యంత్రంలో ‘ఏది కావాలి’ అని అడిగే మెనూను చూపేది సాధారణంగా ఈ గ్రబ్బే. ఎంపిక జరిగాక లోడర్ ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌ను, అంటే దాని గుండెకాయ లాంటి భాగాన్ని, మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ తన ఫైళ్లున్న పార్టిషన్‌ను, అంటే డిస్కులో విడిగా కేటాయించిన భాగాన్ని, తెరిచి మిగిలిన సేవలను ప్రారంభిస్తుంది.

ఇందులో ప్రతి అప్పగింతా విఫలం కాగలదు, ప్రతి వైఫల్యానికీ దాని ఆనవాలు ఉంటుంది. ‘నో బూటబుల్ డివైస్’ అన్న మాట వచ్చిందంటే ఫర్మ్‌వేర్‌కు లోడరే దొరకలేదని అర్థం. గ్రబ్ పేరుతో ఏ మాట కనిపించినా లోడర్ దొరికింది, దానికి కావలసిన తర్వాతి వస్తువు మాత్రం దొరకలేదన్నమాట. ‘మీ పీసీని మరమ్మతు చేయవలసి ఉంది’ అనే విండోస్ నీలి తెర వస్తే విండోస్ బూట్ మేనేజర్ వరకూ అంతా సరిగానే ఉన్నట్టు.

512 బైట్ల పాత పద్ధతి, ఫైళ్లతో నడిచే కొత్త పద్ధతి

ఫర్మ్‌వేర్ లోడర్‌ను వెతికే పద్ధతులు రెండున్నాయి. పాతదాన్ని బయోస్ పద్ధతి అంటారు. ఇందులో డిస్కు మొట్టమొదటి సెక్టార్, అంటే 512 బైట్ల స్థలం, సర్వస్వం. ఎంబీఆర్ అని పిలిచే ఈ సెక్టార్‌లో 446 బైట్లు లోడర్‌కు, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్రకు పోతాయి. చోటు ఒక్కటే కాబట్టి చివరగా రాసినవారిదే రాజ్యం: లినక్స్ తర్వాత విండోస్‌ను ఎక్కిస్తే గ్రబ్ చెరిగిపోయేది. ‘ముందు విండోస్, తర్వాత లినక్స్’ అన్న పాత నియమం ఇక్కడి నుంచే పుట్టింది.

యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి పరిస్థితిని మార్చింది. ఇంటెల్ తన సర్వర్ ప్రాసెసర్ల కోసం మొదలుపెట్టిన ఈ రూపకల్పనను 2005లో ఏర్పడిన యూఈఎఫ్‌ఐ ఫోరమ్ ముందుకు తీసుకువెళ్లింది. 2012లో విండోస్ 8 వచ్చాక తయారైన లాప్‌టాప్‌లలో దాదాపు అన్నీ దీనితోనే వచ్చాయి. ఇందులో లోడర్లు మామూలు ఫైళ్లు. ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో విండోస్‌కు ఒక ఫోల్డరు, ఉబుంటుకు మరో ఫోల్డరు పక్కపక్కనే ఉంటాయి. ఏ ఫైలును ముందు తెరవాలో చెప్పే జాబితా మాత్రం డిస్కులో కాక మదర్‌బోర్డు మీది ఎన్‌వీరామ్ అనే మెమరీలో ఉంటుంది.

రెండు పద్ధతులను కలగలపడం ఒక ప్రత్యేకమైన చిక్కును తెచ్చిపెడుతుంది. చాలా మదర్‌బోర్డులు పాత పద్ధతిని కూడా అనుకరించగలవు. విండోస్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఉన్న యంత్రంలో, లినక్స్ పెన్‌డ్రైవ్‌ను పొరపాటున పాత పద్ధతిలో తెరిచి ఎక్కిస్తే, రెండూ విడివిడిగా పనిచేస్తాయి కానీ ఒకే మెనూలో కలవవు. పాత పద్ధతిలో మొదలైన గ్రబ్ యూఈఎఫ్‌ఐ విండోస్‌ను లేపలేదు. ఫర్మ్‌వేర్ అమరికల్లోకి వెళ్లి ప్రతిసారీ పద్ధతి మార్చుకోవలసి వస్తుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాత యంత్రాలు కొనేవారికి ఈ తేడా తెలిసి ఉండటం అవసరం, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే మరమ్మతు సూచనల్లో చాలా పాత పద్ధతికి రాసినవి. ఎంబీఆర్‌ను తిరిగి రాసే విండోస్ ఆదేశాన్ని యూఈఎఫ్‌ఐ యంత్రం మీద ఎన్నిసార్లు ప్రయోగించినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ యంత్రం ఆ 446 బైట్లను అసలు నడపదు.

ఒకే గేటు, రెండు పోర్షన్లు

యూఈఎఫ్‌ఐ యంత్రంలో రెండు సిస్టమ్‌ల కాపురం మన నగరంలోని రెండు పోర్షన్ల ఇంటి వంటిది. గదులు ఎవరివి వారివే, గేటు మాత్రం ఒక్కటే. డిస్కులో విండోస్ పార్టిషన్ వేరు, లినక్స్ పార్టిషన్ వేరు. ఈఎస్‌పీ, ఎన్‌వీరామ్ జాబితా, సెక్యూర్ బూట్ అమరికలు, హార్డ్‌వేర్ గడియారం ఉమ్మడివి. ఉమ్మడి వస్తువులకు యజమాని ఎవరో ఏ నిబంధనా స్పష్టంగా చెప్పదు. తగాదాలన్నీ అక్కడే.

అన్నిటికంటే తేలికైనది జాబితా క్రమం మారడం. విండోస్ పెద్ద నవీకరణ తర్వాతనో, ఫర్మ్‌వేర్ నవీకరణ తర్వాతనో మెనూ కనిపించకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటుంది. లినక్స్ పోయిందని కంగారు పడతారు కానీ, గ్రబ్ ఫైళ్లు, లినక్స్ పార్టిషన్ ఎక్కడివక్కడే ఉంటాయి. జాబితాలో విండోస్ పేరు పైకి వచ్చింది, అంతే. ఫర్మ్‌వేర్ అమరికల్లో ఉబుంటు పేరును తిరిగి మొదటికి తెస్తే పని ముగుస్తుంది. జాబితా పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన అరుదైన సందర్భంలో, ప్రమాణం ప్రకారం నిర్దేశించిన ఒక ‘ప్రత్యామ్నాయ’ ఫైలును ఫర్మ్‌వేర్ వెతుకుతుంది. ఆ స్థానంలో విండోస్ తన లోడర్ నకలును ఉంచుతుంది కనుక, అప్పుడు కూడా విండోసే తెరుచుకోవచ్చు. ఇందులో కుట్ర ఏమీ లేదు.

ఉదాహరణ: విండోస్ నుంచి లినక్స్‌ను తొలగించిన విద్యార్థి

512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ఒక లాప్‌టాప్‌ను ఊహించుకుందాం. అందులో 100 ఎంబీల ఈఎస్‌పీ, సుమారు 350 జీబీల విండోస్ పార్టిషన్, 100 జీబీల ఉబుంటు పార్టిషన్, చివర విండోస్ రికవరీ భాగం ఉన్నాయి. సెమిస్టర్ ముగిశాక లినక్స్ అక్కరలేదనుకున్న విద్యార్థి, విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌ను తెరిచి 100 జీబీల పార్టిషన్‌ను తొలగించి, ఆ చోటును విండోస్‌కు కేటాయించాడు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తే గ్రబ్ పేరు, దాని వెర్షన్ సంఖ్య, ఆదేశం కోసం ఎదురుచూసే ఖాళీ వరుస వచ్చాయి. విండోస్ కూడా తెరుచుకోలేదు.

తీసేసింది లినక్స్‌ను, ఆగిపోయింది విండోస్; ఇదే చాలామందికి అంతుపట్టదు. దశలవారీగా చూస్తే ముడి విడిపోతుంది. విద్యార్థి తొలగించినది ఉబుంటు పార్టిషన్‌ను మాత్రమే. గ్రబ్ లోడర్ ఫైలు ఉన్నది ఈఎస్‌పీలో. ఎన్‌వీరామ్ జాబితాలో ఉబుంటు ఇంకా మొదటి స్థానంలోనే ఉంది కాబట్టి ఫర్మ్‌వేర్ యథావిధిగా గ్రబ్‌ను లేపింది. గ్రబ్ పక్కన ఉండే చిన్న అమరిక ఫైలులో ‘నా మెనూ ఫలానా యూయూఐడీ ఉన్న పార్టిషన్‌లో ఉంది’ అని రాసి ఉంటుంది. యూయూఐడీ అంటే ప్రతి పార్టిషన్‌నూ ఫార్మాట్ చేసేటప్పుడు దానికి పడే గుర్తింపు సంఖ్య. ఆ సంఖ్య గల పార్టిషన్ ఇప్పుడు లేదు. మెనూ దొరకని గ్రబ్, ఏం చేయాలో చెప్పమని కర్సర్‌ను చూపి ఆగింది. విండోస్ పేరు కూడా ఆ మెనూలోనే ఉన్నందున దాని దారీ మూసుకుపోయింది.

విండోస్ లోడర్ ఈఎస్‌పీలో భద్రంగా ఉంది కనుక, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ సొంత బూట్ మెనూను తెరిచి (తయారీదారును బట్టి ఎఫ్9, ఎఫ్12 వంటి మీటతో) ‘విండోస్ బూట్ మేనేజర్’ను ఎంచుకుంటే విండోస్ లేస్తుంది. తర్వాత జాబితాలో దాన్ని మొదటికి తెస్తే సమస్య శాశ్వతంగా తీరుతుంది. ఇదే పని పాత బయోస్ యంత్రంలో చేసి ఉంటే తెర మీద ‘నో సచ్ పార్టిషన్’ అనే మాట, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అనే వరుస వచ్చేవి. అక్కడ ప్రత్యామ్నాయ లోడర్ ఏదీ మిగలదు కాబట్టి విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో ఎంబీఆర్‌ను తిరిగి రాయక తప్పదు. పైన నిరర్థకమని చెప్పిన ఆదేశానికి సరైన చోటు ఇది.

మెనూ వచ్చినా విండోస్ పేరు లేకపోవడం

గ్రబ్ మెనూలో విండోస్‌ను చేర్చేది ఓఎస్ ప్రోబర్ అనే సహాయక ప్రోగ్రాము. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి దీన్ని భద్రతా కారణాలతో మొదటి అమరికలోనే ఆపివేశారు, ఎందుకంటే ఇతర పార్టిషన్లను పరిశీలించే ప్రోగ్రాము దురుద్దేశంతో తయారుచేసిన పార్టిషన్‌కు చిక్కే అవకాశం ఉంది. కొన్ని పంపిణీలు దాన్ని తమంతట తాము తిరిగి తెరిచి ఉంచాయి, కొన్ని తెరవలేదు. అందువల్ల విండోస్ పేరు మెనూలో లేకపోవడం లోపం కాకపోవచ్చు; గ్రబ్ అమరిక ఫైలులో ఒక వరుస మార్చి మెనూను తిరిగి తయారు చేయించడంతో సరిపోతుంది.

కెర్నెల్ మొదలయ్యాక వచ్చే ఆటంకాలు

మెనూలో లినక్స్‌ను ఎంచుకున్నాక ఒకటిన్నర నిమిషం పాటు తెర కదలకుండా ఉండి, చివరకు ‘ఎమర్జెన్సీ మోడ్’ అన్న మాట వస్తే కారణం తరచు విండోస్ వైపు ఉంటుంది. సినిమాలు, పాఠాలు దాచుకునే డి డ్రైవ్‌ను లినక్స్ మొదలవగానే తెరవాలని అమర్చుకున్న వ్యక్తి, విండోస్‌లో ఉన్నప్పుడు ఆ డ్రైవ్‌ను ఫార్మాట్ చేశాడనుకుందాం. ఫార్మాట్‌తో దాని గుర్తింపు సంఖ్య మారింది. లినక్స్ తన జాబితాలోని పాత సంఖ్య కోసం 90 సెకన్లు ఎదురుచూసి, ఒక తప్పనిసరి పార్టిషన్ కనిపించడం లేదని ఆగిపోయింది. జాబితాలో ఆ ఒక్క వరుసను సరిచేయడానికి బదులు లినక్స్‌ను మొత్తంగా తిరిగి ఎక్కించినవారు ఎందరో ఉంటారు.

దీని దాయాది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8తో వచ్చిన ఈ సౌకర్యంలో, ‘షట్ డౌన్’ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. తన కెర్నెల్ స్థితిని డిస్కులో దాచుకుని నిద్రపోతుంది. అందుకే మర్నాడు త్వరగా లేస్తుంది. ఆ నిద్రలో దాని పార్టిషన్లు సగం పని మధ్యలో ఉన్నట్టే లెక్క, వాటిలో లినక్స్ ఏదైనా రాస్తే ఫైళ్ల వ్యవస్థ దెబ్బతింటుంది. లినక్స్ ఆ సంగతి గుర్తించి వాటిని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా తెరవడానికి నిరాకరిస్తుంది. రెండు సిస్టమ్‌ల యంత్రంలో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలన్న విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం పెద్దగా లేదు; ఎస్‌ఎస్‌డీ ఉన్నచోట దానివల్ల ఆదా అయ్యేది కొద్ది సెకన్లే.

సెక్యూర్ బూట్: అసలైన వివాదం ఇక్కడే

సెక్యూర్ బూట్ అంటే, తనకు తెలిసిన సంతకం ఉన్న లోడర్‌ను మాత్రమే ఫర్మ్‌వేర్ నడపడం. సాధారణ యంత్రాల్లో ఉండేవి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాలు కాబట్టి, లినక్స్ పంపిణీలు షిమ్ అనే చిన్న లోడర్‌ను తయారు చేసి దానికి మైక్రోసాఫ్ట్ సంతకం తెచ్చుకుంటాయి. ఫర్మ్‌వేర్ షిమ్‌ను నమ్ముతుంది, షిమ్ తన పంపిణీ గ్రబ్‌ను నమ్ముతుంది.

ఈ ఏర్పాటులోని సున్నితత్వం 2024 ఆగస్టు 13న బయటపడింది. గ్రబ్‌లో 2022లో వెల్లడైన ఒక లోపాన్ని అడ్డుకునేందుకు, పాత లోడర్లను తిరస్కరించే ఎస్‌బీఏటీ అనే విధానాన్ని విండోస్ నవీకరణ ద్వారా మైక్రోసాఫ్ట్ పంపింది. రెండు సిస్టమ్‌లున్న యంత్రాలను గుర్తించి వాటిని మినహాయిస్తామని ముందుగా చెప్పినా, ఆ గుర్తింపు అన్నిచోట్లా పనిచేయలేదు. విండోస్‌ను నవీకరించుకుని లినక్స్ తెరవబోయినవారికి ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’, ‘సమ్‌థింగ్ హ్యాజ్ గాన్ సీరియస్లీ రాంగ్’ అన్న మాటలు ఎదురయ్యాయి. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోంచి ఆ విధానాన్ని తొలగించి, తిరిగి ఆన్ చేయడం అప్పటి తాత్కాలిక పరిష్కారం. మైక్రోసాఫ్ట్ వైపు నుంచి పూర్తి పరిష్కారం 2025 మే నవీకరణలతో వచ్చింది.

ఆ అనుభవం తర్వాత ‘సెక్యూర్ బూట్‌ను ఆపేస్తే గొడవే లేదు’ అనేవారి గొంతు పెరిగింది. వారి వాదనలో బలం లేకపోలేదు: ఇంట్లో వాడుకునే లాప్‌టాప్‌కు లోడర్ స్థాయి దాడి ప్రమాదం తక్కువ, సంతకాల వల్ల వచ్చే చిక్కు మాత్రం ఎక్కువ. మరోవైపు, పూర్తిగా నవీకరించిన యంత్రంలో కూడా సెక్యూర్ బూట్‌ను దాటుకుని చొరబడే బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్‌ను (బూట్ దశలోనే చొరబడే హానికర ప్రోగ్రామును) 2023 మార్చిలో ఈసెట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు వివరించారు. ఆ ఉదంతాన్ని ఇరుపక్షాలూ వాడుకుంటాయి. దాడులు నిజమని ఒకరు, తాళం ఉన్నా లాభం లేకపోయిందని మరొకరు. వాలరెంట్ వంటి ఆటలు విండోస్ 11లో సెక్యూర్ బూట్ లేనిదే నడవవన్నది హాస్టల్ గదుల్లో ఈ చర్చ కంటే ఎక్కువగా నిర్ణయాత్మకమయ్యే అంశం. నా దృష్టిలో, ఉబుంటు, ఫెడోరా వంటి సంతకం ఉన్న పంపిణీ వాడేవారికి దాన్ని శాశ్వతంగా ఆపవలసిన అవసరం కనబడదు. సొంతంగా కెర్నెల్ తయారు చేసుకునేవారి లెక్క వేరు.

ఈ విషయం మళ్లీ వార్తల్లోకి రావడానికి కారణం, 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాల గడువు 2026 జూన్ నుంచి వరుసగా ముగియడం. గడువు తీరిన రోజున కంప్యూటర్లు ఆగిపోతాయన్న ప్రచారం సరికాదు. ఫర్మ్‌వేర్లు సాధారణంగా గడువు తేదీని చూసి పాత సంతకాలను తిరస్కరించవు. అయితే 2023 ధ్రువపత్రంతో మాత్రమే సంతకం చేసిన కొత్త షిమ్ వచ్చినప్పుడు, ఆ ధ్రువపత్రం చేరని పాత మదర్‌బోర్డులు దాన్ని గుర్తించవు. చిక్కు వస్తే అక్కడ వస్తుంది.

బిట్‌లాకర్ కథ దీనికి అనుబంధం. విండోస్ డ్రైవ్‌ను గుప్తీకరించే ఈ ఏర్పాటు, కంప్యూటర్ ఎప్పటిలాగే మొదలైందని టీపీఎం చిప్ ధ్రువీకరిస్తేనే తాళం తీస్తుంది. సెక్యూర్ బూట్‌ను మార్చినా, విండోస్‌ను గ్రబ్ ద్వారా తెరిచినా ఆ కొలతలు మారి, 48 అంకెల రికవరీ కీ అడిగే తెర రావచ్చు. ఇది లోపం కాదు, తాళం తన పని చేయడం. కానీ విండోస్ 11లో చాలా యంత్రాలకు గుప్తీకరణ యజమాని అడగకుండానే అమలవుతుంది, కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చేరుతుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినవారికి బూట్ లోపాల్లో నిజంగా ఫైళ్లు పోయే సందర్భం బహుశా ఇదొక్కటే.

రెండు డిస్కులు పెడితే తీరిపోతుందా

ఇన్ని చిక్కులు ఎందుకు, విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌నో, కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ను అనుకరించే వర్చువల్ మెషిన్‌నో వాడుకోమనేవారు ఉన్నారు. ఆదేశాలు, సర్వర్ పనులు నేర్చుకునేవారికి ఆ సలహా సరిపోతుంది. 4 జీబీ మెమరీ ఉన్న పాత లాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లను ఒకేసారి నడపడం కష్టం, హార్డ్‌వేర్‌ను నేరుగా వాడే పనులకు అది చాలదు.

మరికొందరు చెప్పేది, ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో డిస్కు, ఒక్కో డిస్కుకు సొంత ఈఎస్‌పీ పెట్టమని. దీనివల్ల ఒకదాని మరమ్మతు రెండోదాని లోడర్‌ను తాకదు. అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. 2020 జూలైలో బూట్‌హోల్ అనే గ్రబ్ లోపానికి సవరణ వచ్చినప్పుడు దెబ్బతిన్న బయోస్ యంత్రాల్లో రెండు డిస్కులున్నవి ఉన్నాయి: ఒక డిస్కులోని గ్రబ్ భాగాలు కొత్తవయ్యాయి, రెండో డిస్కు మొదట్లో ఉన్న లోడర్ పాతదిగానే మిగిలింది, ఆ రెంటికీ పొసగక బూట్ ఆగింది. ఎన్‌వీరామ్ జాబితా, సెక్యూర్ బూట్, టీపీఎం ఎన్ని డిస్కులున్నా ఉమ్మడివే.

హార్డ్‌వేర్ గడియారమూ అంతే. విండోస్ అందులో స్థానిక సమయాన్ని ఉంచుతుంది, లినక్స్ అంతర్జాతీయ ప్రామాణిక సమయాన్ని ఉంచుతుంది. హైదరాబాద్‌లో రాత్రి 8 గంటలకు లినక్స్‌ను మూసి విండోస్ తెరిస్తే మధ్యాహ్నం 2:30 చూపడానికి కారణం ఇదే. విండోస్ దాన్ని సరిచేశాక లినక్స్‌లోకి వెళితే, ఇంటర్నెట్ నుంచి సమయం అందేదాకా తెల్లవారుజామున 1:30 కనిపిస్తుంది. ఈ ఐదున్నర గంటల తేడా బూట్‌ను ఆపదు కానీ, గడియారం తప్పుగా ఉన్నంతసేపూ కొన్ని వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లకపోవచ్చు. రెండూ ఒకే పద్ధతిని పాటించేలా ఒకదాన్ని మార్చాలి. ఏటా రెండుసార్లు గడియారం ముందుకూ వెనక్కూ జరిపే దేశాల్లో రెండు సిస్టమ్‌లూ ఆ సవరణ చేసి తప్పు చేస్తాయన్న భయంతో లినక్స్‌ను స్థానిక సమయానికి మార్చవద్దంటారు. మన దేశంలో ఆ ఆచారం లేదు కాబట్టి ఇక్కడ లినక్స్‌ను మార్చినా, విండోస్‌ను మార్చినా ఒకటే.